డిఫెన్స్‌కి మారాక హెడ్ మార్చాలా, పాకెట్ మార్చాలా?

ప్రశ్న: నమస్కారం అండీ. నేను రెండు సీజన్లుగా ఫీల్డ్ లాక్రోస్ (కొసన వల ఉన్న కర్రతో బంతిని పట్టి, విసిరి గోల్ వేసే ఆట) ఆడుతున్నాను. ఇన్నాళ్లూ అటాక్‌లో ఉన్నాను. ఈ సీజన్ నుంచి మా కోచ్ నన్ను డిఫెన్స్‌కి మార్చి లాంగ్ పోల్ ఇచ్చారు. కొత్త హెడ్ కొనకుండా, నా దగ్గరున్న సన్నటి అటాక్ హెడ్‌నే ఆ పొడవాటి షాఫ్ట్‌కి బిగించి ఆడుతున్నాను. చెక్ చేసినప్పుడు, అంటే బంతి పడగొట్టడానికి ఎదుటివాడి కర్ర మీద కొట్టినప్పుడు, హెడ్ వంగినట్టు అనిపిస్తోంది. నేల మీది బంతి ఎత్తబోతే పక్కకి దొర్లిపోతోంది. పాస్ వేస్తే ఒక్కోసారి నా కాళ్లకి కొంచెం ముందే పడుతోంది. జట్టులో ఒకరేమో "డిఫెన్స్ హెడ్ కొనుక్కో" అంటున్నారు, ఇంకొకరేమో "ఏ హెడ్ అయినా ఒకటే, అంతా పాకెట్‌లోనే ఉంది" అంటున్నారు. ఎవరి మాట వినాలి? అసలు ఏ పొజిషన్‌కి ఏ హెడ్ అన్నది ఎలా తేల్చుకోవాలి? ఇంకో మాట. మా చెల్లి కూడా ఈ మధ్యే ఆట మొదలుపెట్టింది. నా పాత హెడ్ తనకి ఇచ్చేయొచ్చా?

సమాధానం: మీరు "హెడ్ బాగాలేదు" అని ఊరుకోకుండా, ఏం జరుగుతోందో మూడు ముక్కల్లో విడివిడిగా రాశారు. అందువల్ల జవాబు చెప్పడం సులువైంది. చెక్ చేస్తే వంగడం, నేల బంతి దొర్లిపోవడం, ఈ రెండూ హెడ్ ప్లాస్టిక్‌కి సంబంధించినవి. పాస్ కాళ్ల ముందు పడడం పాకెట్ అల్లిన తాళ్లకి సంబంధించినది. మీ జట్టులో ఆ ఇద్దరూ సరిగ్గానే చెప్పారు, కాకపోతే ఒక్కొక్కరు ఒక్కో సమస్య గురించి చెప్పారు. కొత్త హెడ్ కొన్నంత మాత్రాన మీ పాస్ బాగుపడదు. పాకెట్ ఎంత బాగా అల్లించుకున్నా మీ చెక్ గట్టిపడదు. ఏది దేని పనో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో, ఓపిక ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ఈ ఆట కొత్తవాళ్లు కూడా చదువుతారు కాబట్టి కొన్ని మాటలు ముందే చెప్పేస్తాను. షాఫ్ట్ అంటే కర్ర, దాని కొసన బిగించే ప్లాస్టిక్ చట్రం హెడ్. షాఫ్ట్ దగ్గర ఇరుకుగా ఉండే భాగం థ్రోట్, రెండు పక్కలా ఉండే గోడలు సైడ్‌వాల్స్, బంతిని నేల మీంచి ఎత్తే పై అంచు స్కూప్. చట్రంలో అల్లిన వల మెష్, ఆ వలలో బంతి కూర్చునే గుంట పాకెట్. పైభాగంలో అడ్డంగా అల్లే తాళ్లు షూటింగ్ స్ట్రింగ్స్. పురుషుల ఫీల్డ్ లాక్రోస్‌లో జట్టుకి 10 మంది ఉంటారు: ముగ్గురు అటాక్, ముగ్గురు మిడ్‌ఫీల్డ్, ముగ్గురు డిఫెన్స్, ఒక గోలీ (గోల్‌కీపర్). పొట్టి కర్ర హెడ్‌తో కలిపి 40 నుంచి 42 అంగుళాలు ఉంటుంది. లాంగ్ పోల్ 52 నుంచి 72 అంగుళాల మధ్య ఉండొచ్చు. చాలామంది డిఫెండర్లు 60 అంగుళాల షాఫ్ట్ తీసుకుని, హెడ్‌తో కలిపి 72కి దగ్గరగా వచ్చేలా చూసుకుంటారు.

ఇక అసలు విషయం. హెడ్ కొనేముందు చాలామంది "నా పొజిషన్ ఏంటి" అని ఆలోచిస్తారు. దానికంటే "మ్యాచ్ మొత్తంలో నా హెడ్ ఎక్కువసార్లు ఏ పని చేస్తోంది" అని ఆలోచిస్తే మేలు. అటాక్‌లో ఉన్నప్పుడు మీ హెడ్‌లో తరచూ బంతి ఉండేది. దాన్ని కాపాడుకోవడం, అందించడం, గోల్‌కి కొట్టడం, ఇవీ దాని పనులు. ఇప్పుడు మీరు డిఫెండర్. మీ హెడ్ చాలాసేపు ఖాళీగానే ఉంటుంది. ఖాళీ హెడ్‌తోనే అవతలివాడి చేతుల మీద ఒత్తిడి పెట్టాలి, పాస్ వెళ్లే దారికి అడ్డం పెట్టాలి, బంతి కింద పడగానే వంగి ఎత్తాలి. ఎత్తాక బంతి మీ దగ్గర ఉండేది కొద్దిసేపే, వెంటనే ఇంకొకరికి పంపేస్తారు. మీ పాత హెడ్‌ని బంతి పట్టుకోవడం కోసం తయారు చేశారు. ఇప్పుడు దాంతో బంతి లేనప్పుడు చేసే పనులు చేయిస్తున్నారు. ఇబ్బంది అందుకే.

చెక్ సంగతి దగ్గరగా చూద్దాం. ఎదుటివాడు బంతితో మీ మీదికి వస్తున్నాడు. మీరు పోక్ చెక్ చేశారు, అంటే పై చెయ్యిని గొట్టంలా వదులుగా ఉంచి, కింది చేత్తో షాఫ్ట్‌ని దానిలోంచి ముందుకి తోసి, హెడ్ కొసతో వాడి కింది గ్లవ్ మీద పొడిచారు. కర్రని పట్టుకున్న గ్లవ్ కర్రలో భాగం కిందే లెక్క కాబట్టి అది తప్పు కాదు. ఆ ఒక్క క్షణం చూడండి. స్కూప్ గ్లవ్‌కి తగిలింది. హెడ్ గట్టిదైతే ఆ తోపు నేరుగా వాడి మణికట్టుకి చేరుతుంది, చెయ్యి కదులుతుంది, పాకెట్‌లో బంతి కుదుపు తింటుంది. హెడ్ మెత్తనిదైతే సైడ్‌వాల్ ముందు తను వంగుతుంది, స్కూప్ పక్కకి జారుతుంది, మీ బలం సగం ఆ వంపులోనే పోతుంది. వాడికి ఏమీ కాదు, మీ కర్ర మాత్రం దారి తప్పి మీరు అదుపు కోల్పోతారు. అటాక్ హెడ్‌లు చాలావరకు తేలిగ్గా ఉండడం కోసం ప్లాస్టిక్ తగ్గించి, గోడల్లో పెద్ద పెద్ద ఖాళీలు వదిలి చేస్తారు. 30 అంగుళాల షాఫ్ట్ మీద ఆ మెత్తదనం పెద్దగా తెలియదు. 60 అంగుళాల షాఫ్ట్ చివర అదే హెడ్ మీద పడే బలం చాలా ఎక్కువ. మీకు వంగినట్టు "అనిపించడం" కాదు, అది నిజంగానే వంగుతోంది.

అందుకని డిఫెన్స్ హెడ్‌లో మొదట చూడాల్సింది గట్టిదనం. నన్నడిగితే మిగతావన్నీ దాని తర్వాతే.

రెండోది స్కూప్. అటాక్ హెడ్‌ల స్కూప్ కొంచెం మొనదేలి ఉంటుంది. బంతి విడుదలయ్యేటప్పుడు మధ్య గాడిలోంచి వెళ్లడానికి అది సాయపడుతుంది. నేల బంతి దగ్గర మాత్రం ఆ మొన బంతికి సరిగ్గా ఎదురుగా వస్తేనే పని జరుగుతుంది. నాలుగు వైపుల నుంచీ మనుషులు మీద పడుతుంటే అంత సూటిగా వచ్చే వీలు ఎవరికి దొరుకుతుంది? ఏటవాలుగా వచ్చారంటే మొన పక్క అంచు బంతికి తగిలి అది దొర్లిపోతుంది. డిఫెన్స్ హెడ్‌ల స్కూప్ కాస్త బల్లపరుపుగా, వెడల్పుగా ఉంటుంది, నేలకి ఎక్కువ మేర ఆనుతుంది. కొంచెం పక్కగా వచ్చినా బంతి లోపలికి ఎక్కుతుంది. గట్టిదనం ఇక్కడ కూడా పనికొస్తుంది. నేలకి నొక్కి తోసినప్పుడు మెత్తటి స్కూప్ వెనక్కి మడతపడి బంతి మీంచి ఎగిరిపోతుంది.

అయితే దొర్లిపోయిన ప్రతి బంతికీ హెడ్‌నే తప్పు పట్టకండి. పొట్టి కర్రతో అలవాటైనవాళ్లు లాంగ్ పోల్ పట్టుకున్నాక వెనక చెయ్యి సరిపడా దించరు. వెనక చెయ్యి నడుము ఎత్తులో ఉంటే అంత పొడవు కర్ర నేలని నిటారుగా గుచ్చుకుంటుంది. బంతి స్కూప్ మీదికి ఎక్కదు, ముందుకి తన్నుకుపోతుంది. మోకాళ్లు వంచి, వెనక చెయ్యి నేలకి దాదాపు జానెడు ఎత్తుకి తెచ్చి, బంతికి కాస్త ఇవతల నుంచే తోసుకుంటూ దాని గుండా పరుగెత్తండి. ఇలా చేసి కూడా దొర్లిపోతుంటే అప్పుడది స్కూప్ తప్పే.

వెడల్పు గురించి అందరూ ఎక్కువ మాట్లాడతారు, నేను తక్కువ మాట్లాడతాను. అమెరికా కాలేజీ నిబంధనల ప్రకారం హెడ్ అత్యంత వెడల్పైన చోట లోపలి కొలత కనీసం 6 అంగుళాలు ఉండాలి, 10 దాటకూడదు. థ్రోట్ వైపు కూడా కొన్ని చోట్ల కనీస కొలతలు పెట్టారు, బంతి ఇరుక్కుపోకుండా. మార్కెట్‌లో దొరికే హెడ్‌లు చాలావరకు ఆ కనీసానికి కాస్త పైనే ఉంటాయి. పాస్‌ని అడ్డుకోవడంలో ఆ అర అంగుళం తేడా కంటే మీరు కర్రని ఎత్తి దారిలో పెట్టి ఉంచారా, దించేసుకున్నారా అన్నదే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. అర అంగుళం కోసం గట్టిదనం వదులుకోకండి.

బరువు మాత్రం ఆలోచించాల్సిందే. మామూలు హెడ్ సుమారు 130 నుంచి 160 గ్రాముల మధ్య ఉంటుంది. ఆ 20, 30 గ్రాములు ఎంత అని తీసిపారేయొద్దు. ఆరడుగుల కర్రకి చిట్టచివర వేలాడే బరువది. మ్యాచ్ ఆఖరి పావుగంటలో కర్ర ఎత్తి పట్టుకోవాలంటే ఆ తేడా భుజాలకి తెలుస్తుంది. అటాక్ నుంచి వచ్చినవాళ్లకి మరీను. అందుకే మీకు అన్నింటికంటే బరువైన, అన్నింటికంటే గట్టి హెడ్ చెప్పను. గట్టిదనం బాగా ఉండి, బరువు మధ్యస్థంగా ఉండేది చూసుకోండి. చాలా కంపెనీలు పొజిషన్ సంగతి పేరులోనే చెప్పేస్తాయి. స్ట్రింగ్‌కింగ్ వాళ్ల మార్క్ 2లో డీ అక్షరం ఉన్నది డిఫెన్స్‌కి, ఏ ఉన్నది అటాక్‌కి, ఎఫ్ ఉన్నది ఫేస్‌ఆఫ్‌కి (ఆట మొదలుపెట్టేటప్పుడు బంతి కోసం ఇద్దరు పోటీపడడం). ఈసీడీ వాళ్ల రెబెల్‌లో ఆఫెన్స్, డిఫెన్స్ అని రెండు రకాలున్నాయి. ఎస్‌టీఎక్స్ హ్యామర్, మావెరిక్ ట్యాంక్, వారియర్ రెగ్యులేటర్ కూడా డిఫెండర్లను దృష్టిలో పెట్టుకుని చేసినవే. పేరు చూసి మొదటి వడపోత చేసుకోండి, చివరి నిర్ణయం మాత్రం చేత్తో పట్టుకున్నాకే.

ఇక మీ మూడో ఫిర్యాదు, పాస్ కాళ్ల ముందు పడడం. దీన్నే ఆటగాళ్లు విప్ అంటారు. బంతి పాకెట్‌లోంచి ఆలస్యంగా విడుదలవుతోంది. కర్ర ముందుకి, కిందికి వచ్చేశాక వదిలితే బంతి కూడా కిందికే పోతుంది. అటాక్‌లో ఉన్నప్పుడు మీరు కావాలనే ఇలాంటి పాకెట్ అల్లించుకుని ఉంటారు. లోతుగా, బంతిని గట్టిగా పట్టి ఉంచేలా. క్రేడిల్ చేస్తూ, అంటే బంతి జారకుండా కర్రని ఊయలలా ఊపుతూ, మనుషుల మధ్యలోంచి తప్పించుకోవాలంటే అది మంచిదే. లాంగ్ పోల్‌తో మీరు చేసేది వేరు. బంతి ఎత్తారు, తలెత్తి చూశారు, 20, 30 గజాల అవతల ఉన్నవాడికి పంపాలి. పొడవు కర్ర చివర హెడ్ తిరిగే వేగం ఎక్కువ కాబట్టి విడుదలలో కొంచెం ఆలస్యమైనా బంతి ఎక్కడికో పోతుంది.

దీనికి ముందుగా చేయాల్సింది షూటింగ్ స్ట్రింగ్స్ వదులు చేయడం. ఒకేసారి అన్నీ విప్పేయకండి. అన్నిటికంటే పైన ఉన్న తాడు ముడి విప్పి, వేలితో లాగితే కాస్త సాగేంత వదులు ఇచ్చి కట్టండి, గోడకేసి కొన్ని పాస్‌లు విసిరి చూడండి. ఇంకా కిందికే పడుతుంటే రెండో తాడు. ఒకసారికి ఒకటే మార్చాలి, లేకపోతే దేనివల్ల బాగుపడిందో తెలియదు. తాడు మందంగా ఉంటే దాని బదులు సన్నటి నైలాన్ తాడు వేసి చూడొచ్చు, బంతికి తగులుడు తగ్గుతుంది. అప్పటికీ కుదరకపోతే పాకెట్ లోతు తగ్గించాలి. కింద థ్రోట్ దగ్గర కట్టిన తాడు కొంచెం బిగిస్తే చాలు. పాకెట్ లోతుకి నియమం కూడా ఉంది. కర్రని నేలకి సమాంతరంగా పట్టి బంతిని పాకెట్‌లో పెడితే, బంతి పైభాగం సైడ్‌వాల్ కింది అంచు కంటే దిగిపోకూడదు. పక్కనుంచి చూసినప్పుడు గోడ కింది అంచుకీ బంతికీ మధ్య వెలుతురు కనిపిస్తే మీ పాకెట్ చెల్లదు. అలాగే షూటింగ్ స్ట్రింగ్స్ హెడ్ పై అంచు నుంచి 4 అంగుళాల లోపే ఉండాలని కాలేజీ నిబంధన.

గుంట ఎక్కడ పడాలన్నది కూడా పొజిషన్‌ని బట్టి ఉంటుంది. థ్రోట్ వైపు పడితే బంతి భద్రంగా ఉంటుంది, కానీ విడుదలకి ఎక్కువ దూరం దొర్లాలి. స్కూప్ వైపు పడితే చటుక్కున బయటికి వచ్చేస్తుంది. మీకు మధ్యలో, కొంచెం పైకి అన్నట్టు ఉంటే బాగుంటుంది. మెష్ మరీ మెత్తనిది వద్దు, సెమీ హార్డ్ తీసుకోండి. వానలో తడిసినప్పుడు మెత్తటి మెష్ సంచిలా జారుతుంది, మీ గోల్ దగ్గర నుంచి బంతిని ముందుకి పంపే క్లియర్ పాస్ మళ్లీ మొదటికొస్తుంది.

ఈ తాళ్ల పని మీ పాత హెడ్ మీదే ముందు చేసి చూడండి, రూపాయి ఖర్చు లేదు. చేశాక మీకు నమ్మకం కుదురుతుంది, కొత్త హెడ్‌కి ఎలాంటి పాకెట్ కావాలో చెప్పి అల్లించుకోగలుగుతారు.

మిగతా పొజిషన్ల గురించి కూడా అడిగారు కాబట్టి చెబుతాను. మీరు వదిలి వచ్చిన అటాక్‌తోనే మొదలుపెడితే, అటాక్ అనగానే దొరికినవాటిలో సన్నటి హెడ్ కొనేయడం నాకు నచ్చదు. అటాక్‌లో ముగ్గురూ ఒకే పని చేయరు. గోల్ వెనక నుంచి బంతి తెచ్చేవాడు డిఫెండర్‌ని వీపు మీద మోస్తూ తిరుగుతాడు, వాడికి థ్రోట్ ఇరుకుగా, గోడలు బంతిని దగ్గరగా పట్టి ఉంచేలా, షాఫ్ట్ గీత కంటే హెడ్ కిందికి దిగి ఉండేలా, అంటే ఆఫ్‌సెట్ ఎక్కువ ఉండేలా చూసుకుంటే మంచిది. క్రీజ్ (గోల్ చుట్టూ గీసిన వలయం) దగ్గర నిలబడేవాడి కథ వేరు. ఇద్దరు ముగ్గురి మధ్య నిలబడి, ఎటునుంచో దూసుకొచ్చిన పాస్‌ని పట్టి, చెయ్యి పూర్తిగా వెనక్కి తీయకుండానే గోల్‌లోకి తోసేయాలి. వాడికి పట్టుకోవడం ముఖ్యం, వెంటనే వదలడం ముఖ్యం. మొహం కాస్త వెడల్పుగా ఉన్న హెడ్, లోతు తక్కువ పాకెట్ వాడికి పనికొస్తాయి. దూరం నుంచి షాట్ కొట్టేవాడు ఇద్దరికీ మధ్యలో ఉంటాడు. కాబట్టి ఎవరైనా పెద్ద ఆటగాడు వాడుతున్నాడని అటాక్ హెడ్ కొనేముందు, ఆ ఆటగాడు మైదానంలో ఎక్కడ నిలబడతాడో చూడాలి.

మిడ్‌ఫీల్డర్లకి అన్ని పనులూ ఉంటాయి కాబట్టి అన్నీ మధ్యస్థంగా ఉండే హెడ్ చాలు. ఎక్కువసేపు డిఫెన్స్ చేసే పొట్టి కర్ర మిడ్‌ఫీల్డర్లు మాత్రం కొంచెం గట్టిది చూసుకోవాలి. లాంగ్ పోల్‌తో మిడ్‌ఫీల్డ్ ఆడేవాళ్లు నేల బంతుల కోసం పరుగెత్తడమే ఎక్కువ. వాళ్లకి స్కూప్ మొదట, బరువు తర్వాత. మీ కోచ్ మిమ్మల్ని ఎప్పుడైనా అక్కడికి పంపే ఆలోచనలో ఉంటే ఇప్పుడే అడిగి తెలుసుకోండి, దాన్ని బట్టి కాస్త తేలికైన డిఫెన్స్ హెడ్ వైపు మొగ్గొచ్చు.

ఫేస్‌ఆఫ్ తీసుకునేవాళ్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పటిదాకా గట్టిదనం గురించి చెప్పిందంతా అక్కడ తలకిందులవుతుంది. ఫేస్‌ఆఫ్‌లో బంతి నేల మీద ఉంటుంది, ఇద్దరి హెడ్‌లూ దానికి చెరోవైపు వెనక భాగం ఆనించి ఉంటాయి. విజిల్ పడగానే ఒకడు హెడ్‌ని బంతి మీదికి తిప్పి నేలకి నొక్కేస్తాడు. దాన్ని క్లాంప్ అంటారు. ఆ నొక్కుడులో సైడ్‌వాల్ వంగి బంతి మీద కప్పుకుపోవాలి. ఎదుటివాడి హెడ్ దాన్ని పక్క నుంచి తోస్తున్నా బంతి జారిపోకూడదు. తర్వాత బంతిని వెనక్కో పక్కకో లాగేయగానే హెడ్ మళ్లీ మొదటి ఆకారానికి రావాలి. అంటే వంగాలి, కానీ వంగి ఉండిపోకూడదు. బంతి హెడ్ వెనకవైపు ఇరుక్కుపోతే ఇంకో తలనొప్పి, ఇరికించుకుని ఎత్తుకెళ్లడం కాలేజీ ఆటలో ఫౌల్. ఎస్‌టీఎక్స్ డ్యుయెల్, మావెరిక్ టాక్టిక్ లాంటివి ఈ పనికోసం చేసినవే. రోజూ నేలకేసి నొక్కడం వల్ల ఈ హెడ్‌లు మిగతావాటికంటే త్వరగా రూపు చెడతాయి. సన్నబడి కనీస కొలత కంటే దిగిపోతే రిఫరీ కొలిచినప్పుడు దొరికిపోతారు. ఫేస్‌ఆఫ్ ఆటగాళ్లు వారానికోసారి టేపుతో కొలుచుకోవడం అలవాటు చేసుకుంటే మంచిది.

గోలీ హెడ్ వేరే జాతి. వెడల్పు 10 నుంచి 12 అంగుళాలు, పాకెట్ లోతుకి మిగతావాళ్లకున్న పరిమితి వాళ్లకి లేదు. దూసుకొచ్చిన బంతి మెష్‌లో పడి అక్కడే ఆగాలి, ఎగిరి ముందు పడకూడదు, తర్వాత దూరంగా పాస్ వెళ్లాలి. మీకిప్పుడు అవసరం లేని సంగతి కాబట్టి ఇంతటితో ఆపుతాను.

ఇన్ని రకాల హెడ్‌లు రావడం ఈ ఆట చరిత్రలో మొన్నమొన్నటి ముచ్చటే. ఉత్తర అమెరికాలోని హోడెనోషోనీ ప్రజలు తరతరాలుగా హికరీ చెట్టు కర్రని వంచి, తోలు, నరాలతో అల్లి, హెడ్డూ షాఫ్టూ ఒకే ముక్కగా చేసుకునేవారు. వాళ్లకిది సృష్టికర్త ఇచ్చిన పవిత్రమైన ఆట. హెడ్ విప్పి ఇంకోటి బిగించుకోవడం అన్నది 1970 ప్రాంతంలో ప్లాస్టిక్ హెడ్ వచ్చాకే సాధ్యమైంది. పొజిషన్‌కో హెడ్ అన్న ఆలోచన ఆ తర్వాత పుట్టిందే. చెక్క కర్రలు ఇప్పటికీ చేసేవాళ్లున్నారు. వీలైతే ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి, దాని బరువూ పట్టూ మీకు చాలా చెబుతాయి.

ఆట రకం కూడా దృష్టిలో పెట్టుకోవాలి. బాక్స్ లాక్రోస్‌లో లాంగ్ పోల్ లేదు. 2028 లాస్ ఏంజలిస్ ఒలింపిక్స్‌లో ఆడబోయే సిక్సెస్‌లో కూడా లేదు. అక్కడ జట్టుకి ఆరుగురే, గోలీ కాక మిగతా ఐదుగురూ పొట్టి కర్రతోనే అటాకూ డిఫెన్సూ రెండూ చేయాలి. మీ జట్టు సిక్సెస్ కూడా ఆడుతుంటే మీ పాత హెడ్‌ని పారేయకండి, అమ్మేయకండి. అక్కడ మీకు అదే కావాలి.

ఇక చెల్లి సంగతి. పాత హెడ్ తనకి ఇవ్వొద్దు. పొదుపు కోసం అడిగారని తెలుసు, కానీ అది తనకి మ్యాచ్‌లో పనికిరాదు. స్త్రీల ఆటకి కర్ర నిబంధనలు వేరు. కర్ర మొత్తం పొడవు 35.5 నుంచి 43.25 అంగుళాలు, హెడ్ వెడల్పు 7 నుంచి 9 అంగుళాలు. మరీ ముఖ్యంగా, పాకెట్‌లో బంతి పెట్టి పక్కనుంచి చూస్తే బంతి పైభాగం సైడ్‌వాల్ పై అంచు మీదుగా కనిపించాలి. మీ పాకెట్‌లో బంతి గోడల మధ్యకి పూర్తిగా దిగిపోతుంది. ఇంకో కారణం కూడా ఉంది. స్త్రీల ఆటలో పాకెట్ లోతు తక్కువ కాబట్టి బంతి నిలవాలంటే క్రేడిల్ సరిగ్గా రావాలి. మొదట్లోనే లోతు పాకెట్‌తో నేర్చుకుంటే చెయ్యి సోమరి అవుతుంది, తర్వాత తన ఆటకి వచ్చేసరికి బంతి నిలబడక ఏడుస్తుంది. తనకి స్త్రీల ఆట కోసం చేసిన, ముందే అల్లి ఉన్న మామూలు కర్ర కొనివ్వండి. ఇంకా పొజిషన్ తేలని పిల్లకి ఖరీదైనది అక్కర్లేదు, అల్లిక సరిగ్గా ఉంటే చాలు. మ్యాచ్‌కి ముందు అంపైర్ కర్ర పరీక్షిస్తారని కూడా చెప్పండి, ఎవరో హఠాత్తుగా తన కర్ర తీసుకుంటే కంగారుపడదు.

మీరు కొనేటప్పుడు చేయాల్సిన పరీక్షలు ఇవి. హెడ్‌ని రెండు చేతుల్లో పట్టుకుని, స్కూప్ నేలకి ఆనించి మెల్లగా నొక్కండి. గోడలు ఎక్కడ వంగుతున్నాయో చూడండి. స్కూప్ కొంచెం వంగితే ఫర్వాలేదు, థ్రోట్ దగ్గర మెలి తిరిగితే పెట్టేయండి. తర్వాత మీ లాంగ్ పోల్ వెంట తీసుకెళ్లి దానికే బిగించి చూడండి. షాఫ్ట్ మీద హెడ్ గలగలలాడకూడదు, చెక్ చేసిన ప్రతిసారీ ఆ వదులు పెరుగుతుంది. రెండు చేతులతో మామూలుగా పట్టుకుని ఒక నిమిషం పాటు హెడ్‌ని కంటి ఎత్తులో నిలిపి ఉంచండి. ముప్పై సెకన్లకే కొస దిగిపోతుంటే ఆ హెడ్ మీకు బరువెక్కువ.

సెకండ్ హ్యాండ్‌ది దొరికితే కొనొచ్చు, తప్పులేదు. కానీ స్క్రూ వేసే రంధ్రం చుట్టూ, థ్రోట్ రెండు పక్కలా సన్నటి పగుళ్లు ఉన్నాయేమో వెలుతురులో పెట్టి చూడండి. డిఫెన్స్ హెడ్‌లు ముందు పగిలేది అక్కడే. ప్లాస్టిక్ మీద తెల్లటి గీతలు కనిపిస్తే అక్కడ బాగా వంగి బలహీనపడిందని అర్థం. కొందరు హెడ్‌ని వేడి చేసి, తాడుతో బిగించి సన్నగా మార్చేస్తారు. అలాంటిది మాత్రం వద్దు. కొలత తప్పే ప్రమాదం ఒకటి, వేడికి ప్లాస్టిక్ గట్టిదనం పోవడం ఇంకొకటి, మీరు డబ్బు పెట్టేదే ఆ గట్టిదనానికి. మీ సొంత హెడ్‌ని కూడా ఎండలో మూసి ఉంచిన కారులో వదిలేయకండి. బాగా చలిగా ఉన్న రోజు దీనికి వ్యతిరేకం, ప్లాస్టిక్ పెళుసుగా అవుతుంది. అలాంటి రోజు వార్మప్‌లో మొదటి చెక్‌లు మెల్లగా మొదలుపెట్టండి.

కొత్త హెడ్‌కి మెష్ అల్లాక వెంటనే మ్యాచ్‌కి తీసుకెళ్లొద్దు. కనీసం రెండు వారాలు గోడకేసి ఆడితే గానీ పాకెట్ కుదురుకోదు, తాళ్లు సాగడం ఆగదు. ఆ రెండు వారాలూ పాత హెడ్‌తోనే ఆడండి, షూటింగ్ స్ట్రింగ్స్ వదులు చేసుకున్నారు కాబట్టి పాస్‌లైనా చేరతాయి. కుదురుకున్నాక ఎలా ఉందో మళ్లీ రాయండి. ముఖ్యంగా నేల బంతులు వెనక చెయ్యి దించాక బాగుపడ్డాయా, హెడ్ మారాక బాగుపడ్డాయా అన్నది రాయండి. మీలాగే అటాక్ నుంచి డిఫెన్స్‌కి మారిన మరో ముగ్గురి ఉత్తరాలు నా దగ్గరున్నాయి, వాళ్లకి జవాబు రాసేటప్పుడు మీ అనుభవం కూడా కలుపుతాను.